ద్రాక్షాకుల దోల్మే: మాంసం, పెరుగు లేకుండా ఇరాన్ పద్ధతిలో చేయడం ఎలా?

ప్రశ్న: సీతమ్మధార అత్తగారు

అందరికీ నమస్కారం. మా కోడలు మూడేళ్లుగా వీగన్ పద్ధతి పాటిస్తోంది. మాంసం, గుడ్లు మా ఇంట్లో మొదటి నుంచీ లేవు కాబట్టి ఆ విషయంలో చిక్కు లేదు గాని, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేయడంతో, తను వచ్చే ముందు ఏం వండిపెట్టాలో నేను కాస్త కూర్చుని ఆలోచించుకోవలసి వస్తోంది. పూణేలో తనతో పనిచేసే ఇరాన్ అమ్మాయి ఒకసారి తన కోసమే మాంసం వేయకుండా ద్రాక్షాకుల్లో బియ్యం, పప్పు, ఆకుకూరలు పెట్టి చుట్టి వండిందట. ఆ రుచిని మా కోడలు ఫోనులో ఎంత మురిపెంగా చెప్పిందంటే, ఈ నెలాఖరుకు తను విశాఖపట్నం వచ్చేసరికి ఎలాగైనా నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. మా మేడ మీద నాలుగేళ్ల ద్రాక్ష తీగ పందిరికి అల్లుకుని ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో కొమ్మలు కత్తిరించాం కనుక ఇప్పుడు కొత్త చిగుళ్లతో నిండుగా ఉంది.

ఇప్పటికి రెండుసార్లు చేశాను, రెండుసార్లూ కుదరలేదు. మొదటిసారి చుట్టడానికి వీలుగా ఉంటాయని అరచేయంత కంటే పెద్ద ఆకులు కోసి, మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీశాను. బియ్యం ఉడికింది, పప్పు మాత్రం పలుకుగానే ఉండిపోయింది, ఆకు నమలడానికే రాలేదు. ఈనెలు నారలా పళ్ల మధ్య ఇరుక్కున్నాయి. మా వారు లోపలి అన్నం తిని, ఆకులు కంచం అంచున వరసగా పెట్టారు. రెండోసారి గంటన్నర ఉడికించాను. అప్పుడు లోపల బియ్యం ఉబ్బి ఆకులను చీల్చుకొని బయటికి వచ్చింది, ఆకు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. పైగా పులుపు కోసం మొదట్లోనే చింతపండు రసం పోశాను, పోపులో ఇంగువ వేశాను. తింటే పులిహోర ఆకులో చుట్టినట్టు ఉంది. అది పులిహోరగా బాగానే ఉంది గాని, మా కోడలు చెప్పిన వంట అది కాదని నాకే తెలిసిపోయింది.

మాంసం లేకుండా ఆ కూరకానికి పట్టు, రుచి ఎక్కడి నుంచి వస్తాయి? ఆకు మెత్తబడాలంటే ఏం చేయాలి? ఇరాన్ వారు వాడే ఆకుకూరలు ఇక్కడ దొరకకపోతే వాటి బదులు ఏవి వేసుకోవచ్చు? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: పెదవాల్తేరు గృహిణి

అత్తగారికి నమస్కారం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు ఇరాన్ విద్యార్థినులు కొన్నేళ్ల క్రితం మా పై వాటాలో అద్దెకు ఉండేవారు. వారి దగ్గర నేను ఈ వంట నేర్చుకున్నాను, ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు చేస్తాను. నేను శాకాహారిని కాబట్టి వారు నాకు మాంసం లేకుండానే నేర్పారు. అందువల్ల మీకు అక్కరకు వచ్చే మాటలు కొన్ని చెప్పగలననుకుంటున్నాను.

ముందు మీ ఆకు ఎందుకు మెత్తబడలేదో చెబుతాను. ముదురు ఆకు కోయడం ఒక కారణం, చింతపండు రసం మొదట్లోనే పోయడం రెండో కారణం. పులుపు తగిలితే ఆకులోని పీచు గట్టిపడుతుంది, పప్పు కూడా ఉడకనని మొరాయిస్తుంది. మనం పప్పుచారు పెట్టేటప్పుడు కందిపప్పు మెత్తగా ఉడికాకనే చింతపండు పులుసు పోస్తాం కదా, ఇక్కడా అదే సంగతి. ఆకు, పప్పు, బియ్యం మూడూ మెత్తబడేదాకా ఉప్పు, నూనె వేసిన ఉత్త నీళ్లలోనే ఉడకనివ్వాలి. పులుపు, తీపి కలిపిన రసాన్ని చివరి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలప్పుడు మాత్రమే పోయాలి. ఈ ఒక్కటి మార్చుకుంటే మీ వంట సగం గట్టెక్కినట్టే.

ఇక ఆ వంట పేరు దోల్మేయె బర్గె మో. పారసీకంలో బర్గ్ అంటే ఆకు, మో అంటే ద్రాక్ష తీగ. దోల్మే అనేది తుర్కీ భాష నుంచి వచ్చిన మాట, నింపడం అనే అర్థంలోంచి పుట్టింది. అందుకే వంకాయ, టమాటా, బెంగళూరు మిరప, క్యాబేజీ ఆకు, వీటిలో దేన్ని కూరి వండినా ఇరాన్‌లో దోల్మే అనే అంటారు. మన గుత్తి వంకాయను చూసి మా ఇంటి అమ్మాయిలు అలాగే పిలిచేవారు. చుట్టుపక్కల దేశాలన్నింటిలోనూ ఈ వంట ఉంది. అజర్‌బైజాన్‌లో దోల్మా చేసి పంచుకునే సంప్రదాయాన్ని యునెస్కో 2017లో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గ్రీసు, తుర్కీ దేశాల్లో మాంసం లేని రకాన్ని ఆలివ్ నూనె, నిమ్మరసంతో వండి చల్లగా తింటారు. తుర్కీలో దానికి యలంజీ, అంటే అబద్ధపు దోల్మా, అనే పేరు కూడా ఉంది. కాబట్టి మాంసం లేకుండా చేస్తే ఏదో లోటు మిగులుతుందని మీరు సంకోచించనక్కరలేదు. ఇరాన్ రకానికి ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, అందులో పప్పు పడుతుంది, ఆకుకూరలు ధారాళంగా పడతాయి, చివర తీపి పులుపు కలిసిన రసం ఉంటుంది, వేడిగా తింటారు.

మీరు బియ్యాన్ని ముఖ్యమనుకుని ఆకుకూరలను పోపులా వేసినట్టున్నారు. నిజానికి మాంసం తీసేసిన చోట పట్టు ఇచ్చేది పప్పు, రుచి ఇచ్చేవి ఆకుకూరలు, వేయించిన ఉల్లిపాయ. ఒక కప్పు బియ్యానికి అర కప్పు పప్పు, సన్నగా తరిగిన ఆకుకూరలు మూడు కప్పులు ఉండాలి. కలిపాక గిన్నెలో తెలుపు కంటే పచ్చదనమే ఎక్కువ కనబడితే కొలత సరిపోయినట్టు. వారు లపే అనే పసుపు పచ్చని బద్దల పప్పు వాడతారు, మన శనగపప్పు దానికి దగ్గర. శనగపప్పును రెండు గంటలు నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే విరిగేంత వరకు ఉడికించి, అందులో మూడో వంతు మెదిపి, మిగిలినది బద్దలుగానే కలపండి. మెదిపిన ఆ భాగమే ముద్దను కలిపి పట్టి ఉంచుతుంది. బియ్యం అరగంట నానాక మరిగే నీళ్లలో అయిదారు నిమిషాలు మాత్రమే ఉంచి, సగం పలుకు మీద ఉండగానే వార్చేయండి. పచ్చి బియ్యం పెట్టి బిగించి చుట్టారు కాబట్టే మీ ఆకులు చీలిపోయాయి.

రెండు పెద్ద ఉల్లిపాయలను సన్నగా తరిగి, నూనెలో తొందరపడకుండా గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, దింపే ముందు పసుపు వేయాలి. దీన్ని వారు పియాజ్ దాగ్ అంటారు, వారి వంటల్లో చాలావాటికి పునాది ఇదే. అందులో చెంచాడు ఎండు పుదీనా వేసి పది క్షణాలు మాత్రం వేయించండి, అంతకు మించితే చేదెక్కుతుంది. ఒక చెంచా చిక్కని టమాటా గుజ్జు, నాలుగైదు అక్రోట్లు కచ్చాపచ్చాగా దంచి కలిపితే, మాంసం ఇచ్చే కమ్మదనానికి దగ్గరగా వస్తుంది. జీడిపప్పు వేయవద్దు, అది మరీ మెత్తన, కూరకంలో తెలియనే తెలియదు.

ఆకుకూరల విషయానికి వస్తే, కొత్తిమీర, ఉల్లికాడలు చెరో కప్పు, పుదీనా అర కప్పు, సోయకూర అర కప్పు వేసుకోండి. ఇవి గాక వారు తర్ఖూన్, మర్జే అనే రెండు ఆకులు వేస్తారు. ఎండబెట్టిన తర్ఖూన్ టారగాన్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది లేకపోతే, దాని వాసన సోంపును తలపించేది కాబట్టి, పావు చెంచా సోంపు వేయించకుండా దంచి కలపవచ్చు. మర్జేకు మాత్రం మన పెరట్లోనే చక్కని బదులు ఉంది, వామాకు. రెండింటిలోనూ ఆ ఘాటైన వాసనకు కార్వక్రాల్ అనే ఒకే నూనె పదార్థం కారణం. మా ఇంటి అమ్మాయి మొదటిసారి మా గుమ్మం ముందు కుండీలోని వామాకు నలిపి వాసన చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఆ వేళ్లను అలాగే ముఖానికి దగ్గరగా పెట్టుకుని నిలబడిపోయింది. ఆ తరువాత వాళ్లమ్మ మర్జే ఎలా ఎండబెడుతుందో చెప్పింది. అయితే రెండు ఆకులు చాలు, మూడోది వేస్తే అది వామాకు బజ్జీ వాసనే వస్తుంది.

చుట్టేటప్పుడు ఆకు ఈనెల వైపు పైకి, నునుపు వైపు కిందికి పెట్టి, తొడిమ కోసేసి, తొడిమ ఉన్న చోట చెంచాన్నర ముద్ద ఉంచాలి. ఆ ఇరాన్ అమ్మాయిలు చుట్టలా సన్నగా కాకుండా, కిళ్లీ మడిచినట్టు నాలుగు వైపుల నుంచీ ముడిచి చిన్న పొట్లంలా చేసేవారు. ఎలా మడిచినా లోపల కాస్త ఖాళీ ఉండాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో ముందుగా చిరిగిన ఆకులు పరచి, మడత కిందికి వచ్చేలా పొట్లాలను ఒకదానికొకటి ఒరుసుకునేలా పేర్చండి. పైన ఒక పింగాణీ పళ్లెం బోర్లించి, పొట్లాల పై వరుసకు సమంగా వచ్చేదాకా ఉప్పు వేసిన వేడి నీళ్లు, మూడు చెంచాల నూనె పోసి, సన్నని సెగ మీద నలభై అయిదు నిమిషాల నుంచి గంట వరకు ఉంచండి. పళ్లెం మెల్లగా టకటకమంటూ ఉంటే సెగ సరిపోయినట్టు, ఎగిరెగిరి పడుతుంటే ఎక్కువైనట్టు. ఒక పొట్లం తీసి ఆకు కొరికి చూసి, సులువుగా తెగిందనుకున్నాకే మూడు చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల చక్కెర, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టిన కుంకుమపువ్వు కలిపి పోయండి.

చింతపండు వాడినందుకు మీరు నొచ్చుకోనక్కరలేదు. ద్రాక్షలోనూ చింతపండులోనూ ఉన్న ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లమే, పైగా ఇరాన్ దక్షిణ తీరంలో చేపల పులుసుకు చింతపండే వాడతారు. చివర పోసేటట్టయితే అదీ బాగానే ఉంటుంది. ఇంగువ మాత్రం మానేయండి.

జవాబు 2: మధురవాడ మిద్దెతోట

పెదవాల్తేరు అమ్మగారు వంట గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను ఆకు గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే ఇందులో ఆరోగ్యానికి సంబంధించిన మాట ఒకటి ఉంది.

మీ తీగ మీదే కాబట్టి దానికి ఏం కొట్టారో మీకు తెలుసు. మీ సొంత తీగ కాకపోతే, తెలిసినవారి ద్రాక్ష తోట నుంచి వచ్చిన ఆకులైనా సరే, దయచేసి వండవద్దు. ద్రాక్షకు బూజు తెగులు, బూడిద తెగులు ఎక్కువ. వాటి కోసం మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మొదలుకొని రకరకాల మందులు పదేపదే కొడతారు. పండు కోతకు ఇన్ని రోజుల ముందు మందు ఆపాలని లెక్క ఉంటుంది గాని, లేత ఆకు తినేవారిని దృష్టిలో పెట్టుకుని ఎవరూ మందు కొట్టరు. మన విశాఖ సముద్రపు గాలిలో తేమ వల్ల మేడ మీద తీగకు కూడా వానల్లో ఆకు అడుగున తెల్లని బూజు వస్తుంది. అలాంటి ఆకును కడిగి వాడుకోవచ్చని అనుకోకండి, తీసి పారేయండి. నిజానికి జూన్ రెండో వారం దాటాక నేను ఆకులు కోయడమే మానేస్తాను.

రెండోది, మీ తీగ ఏ రకమో చూసుకోండి. ఆకు వెనక్కి తిప్పి వేలితో రాస్తే దూదిలా నూగు తగిలితే అది నల్లని గింజ ద్రాక్ష, బెంగళూరు బ్లూ జాతి అయ్యే అవకాశం ఎక్కువ. ఆ నూగు ఎంత ఉడికినా నాలుకకు తగులుతూనే ఉంటుంది. నున్నగా, పలుచగా ఉంటే థామ్సన్ సీడ్‌లెస్ వంటి రకం, చుట్టడానికి అంతకంటే మంచిది లేదు. మీది నూగు రకమే అయినా ఆశ వదులుకోనక్కరలేదు, మరీ లేత ఆకులు మాత్రమే తీసుకోండి.

కొమ్మ చివర నుంచి లెక్కపెట్టి మూడు, నాలుగు, అయిదో ఆకులే కోయాలి. మొదటి రెండూ చుట్టేసరికి చిరుగుతాయి, ఆరో ఆకు దాటితే ఈనె గట్టిపడడం మొదలవుతుంది. ఏప్రిల్‌లో కత్తిరించిన తీగకు మే నెలంతా ఇలాంటి ఆకులు వస్తూనే ఉంటాయి. మన దక్షిణాదిన ద్రాక్ష చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోదు కాబట్టే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. అంటే నవంబరులో మీకు రెండో విడత లేత ఆకులు దొరుకుతాయి. ఒక్కో కొమ్మకు ఒకటి రెండు ఆకులకు మించి కోయకండి, కాయను పెంచేది ఆ ఆకులే.

పొద్దున్నే కోసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో వేయండి. ముందు ఒక్కసారిగా నిగనిగలాడే పచ్చదనం వస్తుంది, అప్పుడే తీసేయాలనిపిస్తుంది. తీయకండి. రెండు నిమిషాలకు ఆ పచ్చదనం పోయి, పండు ఉసిరి పచ్చడి రంగుకు తిరుగుతుంది, అప్పుడు తీసి చల్లని నీళ్లలో వేయండి. నూగు ఆకులకు నాలుగు నిమిషాలు పడుతుంది. ఇలా సిద్ధం చేసిన ఆకులను పాతికేసి చొప్పున దొంతరలు పెట్టి, గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నవంబరు దాకా నిలుస్తాయి. కోడలు వచ్చిన రోజు ఉదయం ఆకుల కోసం మేడ ఎక్కవలసిన పని ఉండదు.

జవాబు 3: గోపాలపట్నం

ద్రాక్షాకు కోసం ఇంత శ్రమ ఎందుకండి? చేమాకు రైతుబజారులో చవకగా దొరుకుతుంది, పెద్దగా ఉంటుంది, చుట్టడానికి సులువు. గుజరాతీలు శనగపిండి రాసి చుట్టి చేసే వంట మీకు తెలిసే ఉంటుంది. లేదంటే బచ్చలి ఆకు ఉండనే ఉంది.

జవాబు 4: పెదవాల్తేరు గృహిణి

చేమాకు ప్రయత్నించాను కాబట్టి చెబుతున్నాను. అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదుల వంటి పలుకుల వల్ల గొంతు దురద పెడుతుంది. చింతపండు బాగా పట్టించి, ఎక్కువసేపు ఉడికించినప్పుడే అది తగ్గుతుంది. ఇక్కడ పులుపు చివరి ఇరవై నిమిషాలే కాబట్టి, ఆ పద్ధతి చేమాకుకు పనికిరాదు. చిన్నపిల్లలు, పెద్దవారు తినే వంటలో ఆ సాహసం వద్దు. బచ్చలి ఉడికేసరికి జిగురై ముద్ద జారిపోతుంది. ద్రాక్షాకు దొరకని వారు క్యాబేజీ ఆకుతో చేసుకోవడమే మేలు, అది బదులు కూడా కాదు, ఇరాన్‌లో దోల్మే కలమ్ అని దాని పేరే వేరు. పూర్తి క్యాబేజీని మొదలు తొలిచి ఉప్పు నీళ్లలో ఉడికిస్తే ఆకులు ఒక్కొక్కటిగా ఊడి వస్తాయి, మధ్య ఈనెను కత్తితో పలచగా చెక్కేస్తే చాలు.

ద్రాక్షాకుకు శ్రమ ఎందుకంటే, ఆ ఆకులోనే కొంచెం పులుపు, కొంచెం వగరు ఉన్నాయి. లోపలి అన్నం ఉడుకుతూ ఆ రుచిని పీల్చుకుంటుంది. క్యాబేజీ తీపి ఆకు, అందుకే దానికి రసంలో చక్కెర తగ్గించాలి.

మళ్లీ ప్రశ్న వేసినవారు: సీతమ్మధార అత్తగారు

అందరికీ నా కృతజ్ఞతలు. నిన్న మళ్లీ చేశాను. మేడ మీద ఆకు వెనక రాసి చూస్తే నూగు లేదు, మొదటి రెండుసార్లూ నేను కోసినవి ఎనిమిదో తొమ్మిదో ఆకులని ఇప్పుడు లెక్కపెడితే తెలిసింది. ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో కొత్తిమీర, ఉల్లికాడలు, పుదీనా దొరికాయి, సోయకూర దొరకలేదు. సోంపు దంచి వేశాను, మా గోడ పక్కనున్న వామాకులు రెండు తరిగి కలిపాను. గంట సేపు ఉత్త ఉప్పు నీళ్లలో ఉడికాక ఒకటి తీసి కొరికితే, ఆకు పెదవితోనే తెగింది. నిమ్మరసం, చక్కెర పోశాక గిన్నె మూత తీస్తే వచ్చిన వాసన మా ఇంట్లో ఇంతవరకు ఏ వంటకూ రాలేదు. యాభై రెండు పొట్లాలు వచ్చాయి, ఈసారి మా వారు ఆకు పక్కన పెట్టలేదు.

రెండు చిక్కులు మిగిలాయి. అడుగు వరస కొద్దిగా అంటుకుని మాడింది. రెండోది, దీంతో పాటు పెరుగు పెట్టుకుంటారని మా కోడలు అంది. పెరుగు బదులు ఏం పెట్టను?

జవాబు 5: పెదవాల్తేరు గృహిణి

చాలా సంతోషమండి. అడుగున ఆకుల మీద బంగాళదుంప చక్రాలు పరచండి. మాడినా అవే మాడతాయి, మాడకపోతే రసం పీల్చుకున్న ఆ దుంప ముక్కల కోసమే ఇంట్లో పోటీ పడతారు. పెరుగు బదులు వేరుశనగ పాలతో తోడు పెట్టుకోవచ్చు. నానబెట్టిన వేరుశనగ గింజలు రుబ్బి, వడగట్టి, కాచి, గోరువెచ్చగా ఉండగా నాలుగు పచ్చిమిరప తొడిమలు వేసి రాత్రంతా కదపకుండా ఉంచితే ఈ ఎండలకు తెల్లారేసరికి తోడుకుంటుంది. మొదటి తోడు పలుచగా ఉంటుంది. అందులోంచి ఒక చెంచా తీసి మళ్లీ కొత్త పాలకు తోడు వేస్తే రెండోది గట్టిగా వస్తుంది, కనుక కోడలు రావడానికి మూడు రోజుల ముందే మొదలుపెట్టండి.

జవాబు 6: మధురవాడ మిద్దెతోట

సోయకూర చల్లని వాతావరణపు పంట, మే నెలలో ఇక్కడ వేస్తే నాలుగాకులు రాకముందే పూతకు వస్తుంది. అక్టోబరు చివర, ద్రాక్ష కత్తిరించిన వారమే ఒక వెడల్పాటి కుండీలో గింజలు చల్లండి. లేత ద్రాక్షాకు, సోయకూర రెండూ నవంబరు చివరికి ఒకేసారి చేతికి వస్తాయి. గింజలు నా దగ్గర ఉన్నాయి, కావాలంటే పొట్లం కట్టి ఉంచుతాను.